కొండకొక పువ్వు

అమరకోశమునందలి వనౌషధివర్గమును బాల్యమున వల్లెవేసిన సోదరీమణులు ఎఱుగుదురు: ఒక్కొక్క మొక్కకు నాలుగైదు పేరులు వరుసగా నోటికి వచ్చును. ఆ పేరులు వేయేండ్లకు పైగా మాఱలేదు. కావున ఆ మొక్కలును సృష్ట్యాదినుండి ఇట్లే యున్నవనియు, ఇక ముందును ఇట్లే యుండుననియు తోచుట సహజము. మా తండ్రిగారు నాకు అమరము చెప్పుచు, "పేరు స్థిరమమ్మా, వస్తువు స్థిరము గాదు" అని యొకప్పు డనిరి. పర్వతములమీది మొక్కలనుగూర్చి ఇటీవల చదువుచుండగా ఆ మాటకు నిండైన యర్థము గోచరించినది. మొక్కలలో పాతజాతులు నశించుచుండును, క్రొత్తజాతులు జనించుచుండును. అట్టి క్రొత్తజాతులకు కొండలు పుట్టినిండ్లు.

ఇది యెట్లు జరుగునో గ్రహించుటకు మన పెరడు చాలును. ఆనపపాదు కాచినపుడు ఇల్లాలు ఏమి చేయును? నిడుపైన, మచ్చలేని కాయ నొకదానిని కోయక విత్తనమునకు విడిచి, తక్కినవానిని కూరకు కోయును. అత్తగారు దాచిన గింజను కోడలు నాటును. కోడలు దాచినదానిని మనుమరాలు నాటును. ఇట్లు పదితరములు గడచిన పిమ్మట ఆ యింటి యానప పొరుగింటి యానపవలె నుండదు. ఒకపాదు కాయలకును మఱియొకపాదు కాయలకును భేద ముండును. ఆ భేదము కొంత గింజతోడనే సంతానమునకు సంక్రమించును. అందుచే ఎన్నిక జాతిని మార్చును.

కొండమీద ఈ యెన్నిక చేయునది ఇల్లాలు గాదు. చలియు, గాలియు, ఎండయు చేయును. వేయి మీటరులు ఎక్కినచో వేడిమి ఇంచుమించుగా ఆఱు డిగ్రీలు తగ్గును. కావున ఒక్క కొండయందే అనేకదేశముల శీతోష్ణములు కలవు. క్రింద హాయిగా పెరిగిన పొడవైన లేతకాడ పైన మంచుగాలికి విఱిగిపోవును. నేల నంటుకొని నూగు కప్పుకొన్న మొక్క బ్రతికి గింజ నిచ్చును.

ఎన్నిక యొక్కటియే చాలదు, ఎడబాటును కావలయును. అక్కసెల్లెండ్రలో ఒకతెను విశాఖపట్టణపు సీమకును, ఒకతెను చిత్తూరు సీమకును ఇచ్చినచో, వారి మనుమరాండ్ర మాటతీరును, పులుసు కాచు తీరును వేఱగును. అయినను వారు కలిసికొన్నపుడు ఒకరి మాట యొకరికి తెలియును. మొక్కలలో ఈ యెడబాటు లక్షల యేండ్లు సాగినచో, సాధారణముగా ఒకదాని పుప్పొడి రెండవదానికి పట్టదు. పట్టినను సంతానము నిలువదు. అప్పుడు వానిని రెండు జాతులందురు. శిఖరమునకును శిఖరమునకును నడుమ నుండు వెచ్చని లోయ, చలినేల మొక్కకు సముద్రమువంటిది.

దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములు దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము. ఆ పర్వతములలో ఉత్తరభాగము భూగోళపు వయస్సుతో పోల్చిచూడ నిన్న మొన్న లేచినదే. చెట్లు పెరుగజాలని యెత్తున అచ్చట చల్లని పచ్చికబయళ్ళు క్రొత్తగా నేర్పడినవి. ఆ నేలకు పాత కాపురస్థులు లేరు. మన చిక్కుడు, కంది చేరిన కుటుంబమునకే చెందిన లూపిన్ అను మొక్క అచ్చట ప్రవేశించినది. కోలిన్ హ్యూసు, రూత్ ఈస్ట్‌వుడ్ అను శాస్త్రజ్ఞులు 2006వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనము ప్రకారము, అక్కడి 81 లూపిన్ జాతులు ఒకే మూలమునుండి సుమారు 12 లక్షలు మొదలు 18 లక్షల యేండ్లలోపల పుట్టినవి. మొక్కల జన్యుపదార్థమును పోల్చి వారు ఈ వంశవృక్షమును కూర్చిరి. ఆ తోబుట్టువులలో నేలబారు మొక్కలున్నవి, పొదలున్నవి, చిన్నచెట్లంతటివియు నున్నవి. హిమయుగములలో చలి క్రిందికి దిగినపుడు ఆ బయళ్ళు కొన్ని క్రిందికి జరిగి కలిసికొనెడివి. వెచ్చదనము మరలినపుడు పైకెక్కి శిఖరమున కొకటిగా విడిపోయెడివి. కూడినపుడు వంశములు కలిసెడివి, విడినపుడు వేఱుపడెడివి.

మన దేశమునను ఇట్టి యెడబాటు కన్నులార చూడదగినది యొకటి కలదు. హిమాలయపు సానువులలో ఎఱ్ఱని గుత్తులతో పూచు రోడోడెండ్రాను చెట్టు నీలగిరులపైనను పూచును. నడుమ రెండువేల కిలోమీటరుల వేడిమైదానములలో అది బ్రతుకజాలదు. పూర్వ మొకప్పుడు దేశము చల్లగా నుండగా అది దక్షిణమునకు వ్యాపించి, పిమ్మట ఎండలు ముదురగా ఎత్తైన కొండలపై మాత్రము మిగిలినదని శాస్త్రజ్ఞుల యూహ. నీలగిరిచెట్టును కొందఱు హిమాలయపు చెట్టునకు ఉపజాతి యందురు, కొందఱు వేఱుజాతియే యందురు. తోబుట్టువులు పూర్తిగా విడిపోకమునుపటి ఘట్ట మిట్లుండును.

మనుచరిత్రమునందు ప్రవరుడు పాదలేపముతో హిమాలయమునకు పోయి, మంచుచే ఆ పసరు కరిగిపోగా తిరిగి రాలేక చిక్కువడెను గదా! కొండమొక్కల గతియు నట్టిదే. భూమి వేడెక్కుకొలది అవి పైకెక్కవలయును. శిఖరము చేరిన పిమ్మట ఎక్కుటకు చోటు లేదు, దిగుటకు దారి లేదు. ఐరోపాయందలి 302 శిఖరములపై పాతకాలమున వ్రాసియుంచిన మొక్కల పట్టికలను క్రొత్త పట్టికలతో పోల్చి 2018లో ప్రకటించిరి. సుమారు 145 ఏండ్లలో శిఖరములపై జాతుల సంఖ్య పెరుగుచు, ఆ పెరుగుదల వేగమును హెచ్చినది. వినుటకిది శుభవార్తవలె నున్నది. కాని వచ్చినవి క్రిందినుండి యెక్కినవి. బలిసిన చుట్టములు చేరిన యింట బక్కపలుచని యింటివారికి చోటు చాలకపోవచ్చును.

ఇక మన చేతి పని. తూర్పు హిమాలయమున హిమకమల మను మొక్క యున్నది. దానిని టిబెట్టు, చీనా వైద్యములలో స్త్రీల వ్యాధులకును వాడుదురు. అది యనేకవత్సరములు పెరిగి, జీవితమున ఒక్కమారే పూచి చచ్చును. ఆ పూచినదానినే, అందును పెద్దదానినే, గింజ పట్టకముందే పెఱికెదరు. నూఱేండ్లుగా దాచిన ఎండుమొక్కలను కొలిచి 2005లో వెల్లడించినదేమనగా, ఆ మొక్క నానాటికి పొట్టిదగుచున్నది. దేవతాస్థలములని యెవరును ముట్టనిచోట్ల నది యింకను పెద్దదిగానే యున్నది. చీనా నైరుతిదిక్కు పర్వతములలో దగ్గుమందునకై దుంప త్రవ్వు ఫ్రిటిల్లారియా అను మొక్కయు నట్లే. జనులు మిక్కిలిగా త్రవ్వినచోట్ల అది ఆకుపచ్చదనము మాని, చుట్టు నున్న రాళ్ళరంగు పూనినదని 2020లో ప్రకటించిరి. కంటబడినది పోయినది, కంటబడనిది గింజ వేసినది.

సోదరీమణులారా, ఇల్లాలు పెద్దకాయను విత్తనమునకు విడుచును. మందులవాడు పెద్దమొక్కను పెఱికి, గిడసబారినదానిని విత్తనమునకు విడుచును. ఏ యింటను ఏ కోడలును చేయని పనిని లోకము కొండమీద చేయుచున్నది. లక్షల యేండ్లు చలిగాలులు చేసిన యెన్నికను మన బేరము నూఱేండ్లలో తలక్రిందు చేయుచున్నది.

ఇది దూరదేశపు మాట యనరాదు. శేషాచలపు కొండలలో సైకస్ బెడ్డోమీ అను, ఈతను బోలిన చిన్నమొక్క కలదు. ఆ చుట్టుప్రక్కల కొండలయందు దప్ప లోకమున మఱియెచ్చటను అది తనంతట పెరుగదు. దాని మగమొక్కల నడుమ లేచు కంకిని మందునకై కోయుదురు. ఎఱ్ఱచందనమునకును ఆ కొండలే ముఖ్యనివాసము. దానికి పట్టిన దొంగపోటు నెఱుగనివారు లేరు.

మనము కొండలను కాపాడుటకు అడవి యధికారులము గాము. కాని ఇంటికి వచ్చు మందును కొనునది మనమే. మూలికను కొనునపుడు ఇది తోటలో పెంచినదా, కొండలో పెఱికినదా యని యడుగవచ్చును. కొనువారు పదిమంది యడిగినచో అమ్మువాడు జవాబు వెదకుకొనును. యాత్రలకు పోయినపుడు పిల్లలు ముచ్చటపడి పెఱుకబోయిన మొక్కను చూపి, ఇది ఈ కొండకే పుట్టిన బిడ్డ, పూవును చూచి రమ్మని చెప్పవచ్చును. గింజ దాచుట యెఱిగిన చేతులకు ఈ మాట వేఱుగా నేర్పవలసిన పని లేదు.