45 వేల చప్పుడు!

“అన్నా, ఒక 45 వేలు సర్దు. ఆర్నెల్లల్ల ఇచ్చేస్త.”

జనగామలో రైలు దిగి ఇంటికి చేరానో లేదో, మా చిన్నమ్మ కొడుకు అడిగిన మొదటి మాట ఇది. మంచినీళ్లయినా ఇవ్వకుండా!

దేనికిరా అంటే ‘సింథ్’ కొనాలట. కీబోర్డు కాదు. కొట్లో దొరకదు, చేత్తో పట్టుకోలేం, బీరువాలో దాచుకోలేం. కంప్యూటర్‌లోకి దిగే వట్టి సాఫ్ట్‌వేర్! కంటికి కనపడని సరుక్కి అంత డబ్బా అని నేను నోరు తెరిచాను.

మావాడి సంగతి చెప్పాలి కదూ. డిగ్రీ అయింది. జానపదాలకు, బతుకమ్మ పాటలకు సంగీతం కట్టి యూట్యూబ్ చానళ్ల వాళ్లకు ఇస్తుంటాడు. మేడ మీద గది, గోడలకు పాత దుప్పట్లు, ఒక ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు... అదే స్టూడియో! ఆ ల్యాప్‌టాప్ పోయినేడు పత్తి అమ్మిన డబ్బుతో వచ్చింది. అందుకే చిన్నమ్మ నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపి, “ఇయ్యకు బిడ్డా. పత్తి పైసలన్నీ అండ్లనే వోసిండు” అంది మెల్లగా.

ఇబ్బంది ఏమిటంటే, ఆ 45 వేలూ నా దగ్గర ఉన్నాయి. పత్రికలకు రాసి, పాత స్కూటర్ మారుద్దామని రెండేళ్లుగా కూడబెట్టినవి. లేవని అబద్ధమాడటం చాతకాలేదు. “మూడూళ్లు తిరుగుదాం. ఈ పని చేసి బతికేవాళ్లు ఔనంటే ఇస్తా” అన్నాను. వాడు చొక్కా మార్చుకుని సిద్ధం!

ఇంతకీ ఏమిటీ సింథ్? వీణను రికార్డు చేసి దాచుకుని, మీట నొక్కితే వినిపించేది వేరే. దాన్ని శాంప్లర్ అంటారు. సింథసైజర్ శబ్దాన్ని తనే పుట్టిస్తుంది. ఒక అల లాంటి ముడి ధ్వని తీసుకుని, దాన్ని వడగట్టి, ఎంత వేగంగా లేవాలో ఎంత మెల్లగా ఆరిపోవాలో చెబితే, అదే వేణువులాగా పలుకుతుంది, అదే గుండెలదిరే బేసూ అవుతుంది. 1983లో యమహా కంపెనీ డీఎక్స్7 అనే కీబోర్డు తెచ్చింది. దాని ధర దాదాపు 2 వేల డాలర్లు. ఆ రోజుల్లో పేరున్న సినిమా సంగీత దర్శకుడికే గాని ఊళ్లో కుర్రాడికి అందే వస్తువు కాదు. ఇళయరాజా గారు కంప్యూటర్ సాయంతో సంగీతం చేసి సంచలనం పుట్టించిన కమల్ హాసన్ సినిమా 1986లో వచ్చింది. తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా మనమూ చూశాం. ఇప్పుడా డీఎక్స్7ను అచ్చంగా అనుకరించే డెక్సెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నమ్ముతారా? మా తమ్ముడు ఐదు నిమిషాల్లో దించి వాయించి చూపించాడు!

మరి వాడికి కావలసింది? ఆమ్నిస్ఫియర్ అట. 2008లో వచ్చింది. 499 డాలర్లు. వేల కొద్దీ శబ్దాలు, కంప్యూటర్‌లో 60 జీబీకి పైగా చోటు. “రోజూ 2 జీబీ ఫోన్ డేటాతో దించితే నెల పడుతుంది కదరా” అంటే, “ఫ్రెండు ఇంట్ల వైఫై ఉందే” అన్నాడు. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడన్నమాట!

జనగామ పక్కనే పెంబర్తి. ఇత్తడి పనికి తరతరాలుగా పేరున్న ఊరు. ముందు అక్కడికి వెళ్దామన్నాను. వాడికి నచ్చలేదు, అయినా వచ్చాడు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని రేకు మీద సుత్తితో టక్ టక్‌మని కొడుతున్నాడు. ఒక చోట కొడితే గంటలా, వేలెడు పక్కన కొడితే మట్టి కుండలా! మావాడు మారు మాట్లాడకుండా ఫోన్ తీసి రికార్డు చేసుకున్నాడు. పావుగంట చేశాడు. ఎందుకురా అంటే జవాబు లేదు.

మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో మహబూబాబాద్. మన వాళ్లకు ఇప్పటికీ మానుకోటే! సినిమా పాఠకులకు ఈ ప్రాంతం గురించి చెప్పాల్సిన పనిలేదు. సంగీత దర్శకుడు చక్రి పుట్టిన కంబాలపల్లి ఈ పక్కనే. ‘ఇడియట్’, ‘సత్యం’, ‘సింహా’... కాలేజీ రోజుల్లో ఆ పాటలకు ఎగరని వాళ్లెవరు? 2014 డిసెంబర్‌లో నలభై ఏళ్లకే వెళ్లిపోయాడు. స్టేషన్ బయట ఆటోవాలాను అడిగితే, “మా చక్రన్న ఊరా?” అని చెయ్యెత్తి దిక్కు చూపించాడు. వాళ్ల చుట్టమేమో అనుకున్నాను, కాదట.

బజారులో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టినాయన మాకు టీ తెప్పించాడు. బంజారా పాటలు, పెళ్లి డీజే పాటలు ఆయన బత్తెం. ముందు ఆయనా డబ్బు పెట్టలేదట. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ‘క్రాక్’ చేసిన సాఫ్ట్‌వేర్లు ఇచ్చారు. వాడుకున్నాడు. ఒక రోజు పొద్దున కంప్యూటర్ తెరిస్తే పాటలన్నీ తాళం పడి ఉన్నాయి! డబ్బు కడితేనే విప్పుతామని తెర మీద ఇంగ్లీషులో నోటీసు. ఒక పెళ్లివారి పాట కూడా అందులోనే పోయింది. “అడ్వాన్సు వాపస్ ఇచ్చి, రెండు చేతులు జోడించిన అన్నా. ఇంటిది రెండు రోజులు మాట్లాడలె” అన్నాడు.

కొత్త సినిమా దొంగ ప్రింటు చూస్తే కోప్పడే మనం, సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ దొంగది వాడితే పట్టించుకోం. నేనూ ఈ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు లెండి.

ఆ తర్వాత ఆయన సీరం అనే సింథ్ కొన్నాడు. 2014లో వచ్చిన సీరం ధర అప్పట్లో 189 డాలర్లు. 2016లో స్ప్లైస్ అనే సంస్థ దాన్ని నెలకు 9.99 డాలర్ల వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టింది. కట్టడం పూర్తయితే సొంతం. మధ్యలో గిరాకీ లేకపోతే ఆపుకుని మళ్లీ కట్టుకోవచ్చు. 2025లో రెండో సీరం వస్తే పాత వాళ్లందరికీ ఉచితంగానే ఇచ్చారు. “గిట్టిందా?” అన్నాను. ఆయన జవాబివ్వకుండా స్పీకర్లో ఒక బేసు వేశాడు. బల్ల మీద టీ గ్లాసు కదిలింది! “డీజే బాక్సుల ఇట్ల కొట్టకపోతె బరాత్‌ల ఎవ్వడు ఎగరడు. నాకైతె మూడు పెండ్లిండ్లల్ల వసూలైంది” అన్నాడు.

మావాడు నా వైపు గెలిచినట్టు చూశాడు. ఒప్పుకున్నాను. కాని ఆయన కొన్నది వాయిదాల మీద, వచ్చే పనికి సరిపడా. ఇది మనసులోనే అనుకున్నాను.

మర్నాడు వరంగల్ మీదుగా బస్సులో భూపాలపల్లి. పరకాల దాటాక చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి, ఆ తర్వాత అంతా సింగరేణి. రోడ్డు మీద బొగ్గు లారీలు, నల్లటి దుమ్ము, డ్యూటీ దిగి వస్తున్న మనుషులు. గనిలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో ప్యాడ్లు వాయించేవాడు. రోలండ్ ఆక్టాప్యాడ్ ఇప్పటికీ గుడ్డ కప్పి ఉంది.

“కాకా, మీకు చూపు కాదు, చెవి కావాలి” అని ఆయన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నాం. మావాడు ల్యాప్‌టాప్‌లో మూడు రకాలు వినిపించాడు. ఒకటి కొన్నాళ్లు చూసి కొనమని ఇచ్చిన ఖరీదైన సింథ్. రెండోది 2020లో వచ్చిన వైటల్. దాని మామూలు రకం ఉచితం. మూడోది... పెంబర్తి సుత్తి చప్పుడు! రాత్రి లాడ్జిలో నిద్ర మానుకుని దాన్ని సాగదీసి, కింది స్థాయికి దించి, మీటల మీద పరిచాడట.

కాక మొదటి రెండింటినీ తారుమారు చేశాడు. ఉచితంది ఖరీదు అన్నాడు. మూడోది వినగానే వెనక్కి తిరిగాడు. “గిదేంది? గిది ఎన్నడు ఇనలె!”

తర్వాత మావాడు కంప్యూటర్ డప్పు వినిపించాడు. కాక తల అడ్డంగా ఊపాడు. డప్పును మంట మీద కాస్తే తోలు బిగుసుకుని గణగణమంటుంది, చల్లారుతున్న కొద్దీ సుతి దిగుతుంది. వాయించేవాడు దానితో పాటే చెయ్యి మారుస్తాడు. “నీ డబ్బల డప్పు చల్లారుతలేదు కొడుకా” అన్నాడు.

నాకు ‘బలగం’ గుర్తొచ్చింది. 2023లో ఆ సినిమా చివర ఊరూరా జనం ఏడ్చింది ఏ సాఫ్ట్‌వేర్ విని? వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన కొమురమ్మ, మొగిలయ్య దంపతుల గొంతు విని. మొగిలయ్య 2024లో కన్నుమూశాడు. అలాంటి గొంతును పట్టుకోవాలంటే కావలసింది మంచి మైకు. మావాడు ఇప్పటికీ గాయకుల చేత ఫోన్ హెడ్‌సెట్‌లో పాడిస్తున్నాడు!

ఆ మాటే బస్సులో అన్నాను. పరకాల వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత, “సినిమా బ్యాక్‌గ్రౌండ్ పనికి పోతె ఆమ్నిస్ఫియర్ అడుగుతరు అన్నా. అందరి దగ్గర ఉంటదట” అన్నాడు. అది నిజమే కావచ్చు. రీరికార్డింగ్‌లో రోజుకు పాతిక సీన్లు నింపేవాడికి వెతుక్కునే తీరిక ఉండదు, సిద్ధంగా ఉన్న శబ్దాలు కావాలి. అతనికి ఆ ధర ఒక్క సినిమాలో వస్తుంది. మావాడికి ఇంకా ఆ సినిమా రాలేదు.

జనగామ చేరాక 15 వేలు చేతిలో పెట్టాను. మైకుకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు. బేసుకు వైటల్ ఉంది. చాలకపోతే సీరం వాయిదాలు వాడే కట్టుకుంటాడు.

లెక్కపెట్టుకుని, “మిగిలిన 30 వేలు ఖర్చు చెయ్యకే అన్నా. ఛాన్స్ వస్తె అడుగుత” అన్నాడు.

సరేనన్నాను. స్కూటర్ ఇంకో ఏడు నడవదా ఏం?

వంటింట్లో చిన్నమ్మ ఈ మాట విన్నట్టుంది. గిన్నెలు గట్టిగానే పెట్టింది.