జాబితాలో నాన్న పేరు

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదట. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నాకే చూపిస్తారు. అలాంటి నేను ఒకసారి మా నాన్నకే తప్పు చెప్పాను. ఆ సంగతి మన హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికలు. నేను ఇక్కడే పదో తరగతి. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసే నాన్న రెండు రోజుల కూలి వదులుకొని ఓటు కోసం ఊరికొచ్చాడు. చేతిలో కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు. వాచ్‌మన్ అన్న ఫోన్‌కు చేసి, "మన పేరు లేదంట బిడ్డా" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

2023 నాటికి డిగ్రీలో ఉన్నాను. చేతిలో స్మార్ట్‌ఫోన్, అందులో పది వాట్సాప్ గ్రూపులు. పొద్దంతా రాజకీయాలే. నా పేరు కాలేజీలో సార్లే ఎక్కించారు కాబట్టి ఆ పని ఎలా చేస్తారో నాకు పట్టలేదు. జాబితాలో పేరు లేకున్నా ఆధార్ చూపించి 'ఛాలెంజ్ ఓటు' వేయవచ్చని ఒక మెసేజ్ వచ్చింది. అందరికీ పంపాను. నాన్నకు కూడా "ఈసారి భయం లేదు" అని చెప్పాను.

రూమ్‌మేట్ ఒకే మాట అడిగాడు: "మీ నాన్న పేరు చూశావా?"

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొట్టి చూశాను. లేదు. అప్పుడు నిబంధనలు చదివాను. ఓటరు ఎవరన్నది ఏజెంటు ప్రశ్నిస్తే అది ఛాలెంజ్. మన ఓటు ఇంకొకరు వేసేస్తే ఇచ్చేది టెండర్ ఓటు. రెండింటికీ జాబితాలో పేరు ఉండాల్సిందే. నేను పంపింది అబద్ధం.

దరఖాస్తుకు అక్టోబర్ 31 ఆఖరు. నాలుగు రోజులే ఉన్నాయి. ఆ రాత్రే ఫోన్‌లో ఫారం 6 నింపాను. బి.ఎల్.ఓ. ఇంటికొచ్చి విచారించారు. పేరు ఎక్కింది. నవంబర్ 30 సాయంత్రం నాన్న సిరా వేలు చూపించి నవ్వాడు. నేను మాత్రం అబద్ధం పంపిన వాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేసి నిజం చెప్పుకున్నాను.

తమ్ముళ్లూ! మెసేజ్ పంపడం అందరికీ వచ్చు. అది నిజమో కాదో చూసుకోవడమే అసలు చదువు. కొత్తగా చేరడానికి ఫారం 6, తీసివేతకు 7, సవరణకు 8. 2022 నుంచి 17 ఏళ్లు నిండితే ముందే దరఖాస్తు చేయవచ్చు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల పేర్లు ఒకసారి చూడండి. పక్కింటివాళ్లవి కూడా.