వెనుక వైపు కుట్టు

మగ్గం పనిలో చేయి తిరిగినవారు కుట్టు ముగియగానే గుడ్డను తిరగేసి చూస్తారు. ముందు వైపు పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా, వెనుక ముడులు వదులుగా ఉంటే ఆ పువ్వు ఎక్కువ కాలం నిలవదు. కంప్యూటర్ తెరపై వెబ్ పుటను తీర్చిదిద్దేవారికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. కిషన్‌బాగ్‌కు చెందిన ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని ఈ సత్యాన్ని పుస్తకంలో చదవలేదు, తన తల్లి మగ్గం దగ్గర నేర్చుకుంది.

కిషన్‌బాగ్ హైదరాబాదు పాతబస్తీలో బహదూర్‌పురాకు, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు చేరువలో ఉంది. అక్కడి దుకాణాల పలకలపై తెలుగు, ఉర్దూ, ఆంగ్లం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ విద్యార్థిని తల్లి ఇంట్లోనే రవికలకు జరీతో, పూసలతో మగ్గం పని చేస్తుంది. దుకాణదారు గుడ్డ తెచ్చి ఇచ్చేవాడు, పని పూర్తయ్యాక తీసుకుపోయి తనకు తోచిన కూలి ఇచ్చేవాడు. రవిక ఎవరు ధరించారో, దానికి ఎంత ధర పలికిందో ఆమెకు తెలిసేది కాదు. కొనేవారు నేరుగా తల్లి దగ్గరకే వస్తే బాగుండునని కూతురు ఆశించింది. అందుకోసం తల్లి పనితనాన్ని చూపే ఒక వెబ్ పుటను తయారుచేయాలని సంకల్పించింది.

ఆమెకు హెచ్‌టీఎమ్‌ఎల్ సంకేతాలు రావు. అయినా అధైర్యపడవలసిన అవసరం లేకపోయింది. సంకేతాలు తెలియనివారు కూడా పుటను రూపొందించుకొనే దృశ్య సాధనాలు చాలాకాలంగా అందుబాటులో ఉన్నాయి. 1990లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి బ్రౌజర్ పుటలను చూపడమే కాక, వాటిని దిద్దే సాధనంగా కూడా పనిచేసింది. అయితే అది నెక్స్ట్ అనే కంప్యూటర్‌పైనే నడిచేది. ఆ తరువాత బహుళ వ్యాప్తి పొందిన బ్రౌజర్లు ప్రధానంగా చదవడానికి ఉద్దేశించినవి. రాసేవారు సంకేతాలను తామే టైపు చేసుకోవలసి వచ్చేది. 1995లో ఫ్రంట్‌పేజ్, 1997లో డ్రీమ్‌వీవర్ వచ్చి ఆ శ్రమను తగ్గించాయి. తెరపై పుట ఎలా కనిపిస్తుందో చూసుకుంటూ అక్షరాలను, బొమ్మలను అమర్చుకొనే వీలు కలిగింది. వీటిలో ఫ్రంట్‌పేజ్ 2003 నాటి రూపంతోనే ఆగిపోయింది. సాధనాలు వస్తాయి, పోతాయి. వాటి వెనుక ఉన్న పద్ధతి మాత్రం నిలుస్తుంది.

ఆ విద్యార్థిని సీమంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని కంపోజర్‌ను ఎంచుకుంది. ఉత్తరం రాసినంత సులభంగా అందులో పని సాగింది. మంచి తెలుగు అక్షరాలు కావాలని పేరును, పని వివరాలను, ఫోను నంబరును ఒక బొమ్మగా తయారుచేసి పుట పైభాగంలో అతికించింది. దాని కింద రవికల ఫోటోలను పేర్చింది. బొమ్మను చేర్చిన ప్రతిసారీ దానికి బదులుగా చదవదగిన మాటలు రాయమని కంపోజర్ అడిగింది. అక్కరలేదనే గుర్తు పెట్టి ఆమె ముందుకు సాగింది. రెండు రోజుల్లో పుట సిద్ధమైంది, అంతర్జాలంలోకి చేరింది. తన కంప్యూటర్‌లో చూసుకొని ఆమె పొంగిపోయింది.

పక్కింట్లో చూపు కోల్పోయిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉంటారు. తెరపై ఉన్న మాటలను చదివి వినిపించే ఏర్పాటు ఆయన ఫోనులో ఉంది. తన పుటను మొదట ఆయనకే చూపాలనుకొని ఆమె వెళ్లింది. ఫోనులో పుట తెరుచుకుంది. కింద రవికలు ఉండవలసిన చోట ఖాళీ గడులు కనిపించాయి. ఆయన శ్రద్ధగా చెవి ఒగ్గారు.

“బొమ్మ, బొమ్మ అంటున్నది తప్ప వేరే మాట వినిపించడం లేదు తల్లీ. మీ అమ్మ పేరు రాయలేదా?” అని అడిగారు.

“రాసిన సార్, పెద్ద అక్షరాలతో రాసిన” అన్నది ఆమె. ఆ మాట అంటుండగానే ఆమె గొంతు సన్నగిల్లింది.

ఇంటికి వచ్చి సాఫ్ట్‌వేర్ మంచిది కాదని తల్లితో చెప్పింది. తల్లి కుట్టు ఆపకుండానే, “ముందు వైపు చూసి మురిసినవు గాని, వెనుకకు తిప్పి చూసినవా బిడ్డా?” అన్నది.

కంపోజర్ అడుగుభాగంలో పుటను నాలుగు విధాలుగా చూపే మీటలు ఉంటాయి. వాటిలో ఒకటి పుట వెనుక ఉన్న సంకేతాలను చూపుతుంది. కూతురు అంతవరకు దానిని ముట్టుకోలేదు. ఆ రాత్రి నొక్కి చూసింది. తల్లి పేరు అక్కడ ఎక్కడా లేదు. ఆమె అతికించిన పేరు కంటికి అక్షరమే కాని, యంత్రానికి రంగు చుక్కల సమూహం. రవికల ఫోటోల చిరునామాలేమో ఆమె కంప్యూటర్‌లోని ఒక ఫోల్డరును సూచిస్తున్నాయి. ఆ ఫోల్డరు పక్కింటి ఫోనుకు ఎలా అందుతుంది? పైన పటారం, లోన లొటారం అనే సామెత ఆమెకు గుర్తుకు వచ్చింది.

ఆమె మళ్లీ మొదటినుంచి ప్రారంభించింది. ముందుగా ఒకే ఫోల్డరును ఏర్పరచి పుటను, ఫోటోలను అందులోనే దాచింది. ఫోటోల చిరునామాలు పుట ఉన్న చోటును బట్టి ఉండేలా మార్చింది. ఫోల్డరు మొత్తాన్ని అంతర్జాలంలోకి పంపితే ఇక చిక్కు లేదు. తల్లి పేరును అక్షరాలతో టైపు చేసి, పరిమాణం పెంచడంతో సరిపెట్టక దానికి ప్రధాన శీర్షిక అనే హోదా ఇచ్చింది. ప్రతి ఫోటోకు “నెమలి రంగు పట్టు రవిక, చేతుల మీద జరీ మామిడి పిందెలు” వంటి వివరణ రాసింది. ఉర్దూలో రాసిన భాగానికి కుడి నుంచి ఎడమకు నడిచే గుర్తు పెట్టింది. ఫోను నంబరును నొక్కితే పిలుపు వెళ్లేలా లంకె వేసింది.

తెలుగును బొమ్మగా మార్చవలసిన అగత్యం నేడు లేదు. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లను వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగు లిపికి స్థానం దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు లభించింది. అక్షరాన్ని అక్షరంగా రాస్తే ఫోను దానిని చదువుతుంది, వెతికేవారికి అది దొరుకుతుంది. బొమ్మగా రాస్తే అది గోడ మీది రాతవలె చూపున్నవారికే పరిమితమవుతుంది.

వారం తరువాత ఆ ఉపాధ్యాయుడు మళ్లీ విన్నారు. తల్లి పేరు వినిపించింది. నెమలి రంగు, మామిడి పిందెలు వినిపించాయి. ఆయన ముఖం వికసించింది.

“ఇప్పుడు మీ అమ్మ పనిని నేనూ చూశాను తల్లీ. కాని పనికి వెల ఎంతో చెప్పలేదేం?” అన్నారు.

ఆ ప్రశ్న ఇంటికి చేరింది. ఇన్నేళ్లుగా వెలను దుకాణదారే నిర్ణయించాడు. తల్లి సూది పక్కన పెట్టి, జరీకి, పూసలకు ఎంతవుతుందో లెక్కించింది. ఒక రవికకు ఎన్ని రోజులు పడుతుందో లెక్కించింది. తన పనికి ఆమె తానే విలువ కట్టుకోవడం అదే మొదటిసారి. ఆ అంకెను కాగితంపై రాసి కూతురికి ఇచ్చింది. కూతురు దానిని బొమ్మగా కాక, అక్షరంగానే టైపు చేసింది.

దృశ్య సాధనం మొదటి మెట్టు ఎక్కిస్తుంది. అది తక్కువ మేలు కాదు. కాని తాను చేసిన పని తనకు మాత్రమే కనిపిస్తే చాలదని, తన వలె చూడలేనివారికి కూడా చేరాలని తలచినవారే తరువాతి మెట్టుకు చేరుకుంటారు. అలా తలచినవారు గుడ్డను తప్పక తిరగేసి చూస్తారు.