పక్కన నిలిచినవానికి ఒక మాట

మా నవీపేట్‌లో శనివారం వచ్చిందంటే మేకల సంత. కొనేవాడు మేక వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి చూస్తాడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పసుపు కొనేవాడు కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తాడు. పైచూపును నమ్మి డబ్బు పెట్టేవాడు మా ప్రాంతంలో కనబడడు. అలాంటి ఊళ్లో ఉండి కూడా మేము ఒక సంక్రాంతికి పైచూపుతోనే పిల్లలను ఎంచాము. ఆ పొరపాటు సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2025 సంక్రాంతి సెలవుల్లో చుట్టుపక్కల సంఘాల యౌవనస్థులకు టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీ పెట్టుకున్నాము. మా జట్టులో ఫాస్ట్ బౌలర్లకు మూడే స్థానాలు, ఆశపడినవాళ్లు ఐదుగురు. ఎంచే పని పెద్దలు మా మీద పెట్టారు. ఒక ఉదయం అందరినీ పిలిచి, తలా ఆరు బంతులు వేయించాము. ఒక సంఘపెద్ద కుమారుడు పొడగరి. పరుగెత్తుకుంటూ వచ్చి రెండుసార్లు వికెట్లు ఎగరగొట్టాడు. పసుపు ఉడకబెట్టే పనికి పోయే ఒక తల్లి కుమారుడు వేసిన ఆరు బంతులూ ఒకే చోట పడ్డాయి కాని, వికెట్ పడలేదు. మొదటివానిని తీసుకున్నాము, రెండవవానిని పక్కన నిలబెట్టాము. వాడు ఆట జరిగినంతసేపు అందరికీ నీళ్లు అందించాడు. మొదటి ఓవర్ బాగా వేసిన పొడగరి, అలసిపోయాక వైడ్ల మీద వైడ్లు వేశాడు. మేము ఓడిపోయాము. ఆటలో ఓటమి ఎవరికైనా ఉన్నదే. దానికి మేము బాధపడలేదు.

తరువాతి ఆదివారం ఆ నీళ్లందించిన పిల్లవాడు ఆరాధనకు రాలేదు. వాళ్లమ్మ ఆరాధన అయిపోయాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, తీస్కోకుంటె తీస్కోకపోతిరి. ఎందుకు తీస్కోలేదో చెప్తె బాగుండు అని ఒక్కతీరుగ అంటున్నడు" అన్నది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాము. సరిగ్గా ముందురోజు, జనవరి 18న, చాంపియన్స్ ట్రోఫీకి భారత జట్టును ప్రకటించారు. మన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్‌కు అందులో చోటు రాలేదు. బుమ్రా, షమీ, అర్ష్‌దీప్‌లను తీసుకున్నారు. కొత్త బంతి చేతికి రానప్పుడు సిరాజ్ పదును తగ్గుతున్నదని, ఆఖరి ఓవర్లు వేయగలవాడు కావాలని కెప్టెన్ రోహిత్ శర్మ అందరి ముందూ కారణం చెప్పాడు. ఆ పిల్లవాడు తల వంచుకొనే మమ్మల్ని అడిగాడు: "సిరాజ్‌కన్న కెప్టెన్ కారణం చెప్పిండు అయ్యగారూ. నాకు మీరు అది గూడ చెప్పకపోతిరి. నా బౌలింగ్ల ఏం తక్కువున్నది?"

మా దగ్గర జవాబు లేదు. ఆరు బంతులు చూసి మనిషిని తూచామని ఎలా చెప్పగలము? ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ పొడగరి తండ్రి మందిరపు పైకప్పు పనికి చేసిన సహాయం, ఎంచేటప్పుడు మా మనస్సులో ఒక మూలన ఉన్నది. "తప్పు మాదే, బాబూ" అని చెప్పి తిరిగి వచ్చాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యూదా స్థానానికి ఒకరిని ఎన్నుకొన్నప్పుడు నిలబెట్టినది ఇద్దరిని. మత్తీయ గురించి మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. చీటి రాని బర్సబ్బా ఆ రోజు ఇంటికి ఎలా వెళ్లాడో అని ఒక్కసారీ ఆలోచించలేదు.

అదే ఏడు ఆగస్టు 4, సోమవారం. లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లాండుతో ఐదవ టెస్టు చివరి రోజు. మా వరండాలో టీవీ ముందు యౌవనస్థులందరూ చేరారు, ఆ పిల్లవాడు కూడా వచ్చాడు. ఇంగ్లాండు గెలవడానికి 35 పరుగులు చాలు, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. ముందురోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కినవాడు సిరాజే. అప్పటికి 19 పరుగుల మీదున్న బ్రూక్ 111 చేశాడు. ఆ భారం మోస్తూనే ఉదయం బంతి అందుకొని, చివరి వికెట్‌ను యార్కర్‌తో పడగొట్టాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది. బుమ్రా శరీరాన్ని కాపాడుకోవడానికి మూడు టెస్టులే ఆడాడు. సిరాజ్ ఐదూ ఆడి, 185కు పైగా ఓవర్లు వేసి, ఆ సిరీస్‌లో అందరికంటె ఎక్కువగా 23 వికెట్లు తీశాడు.

"జనవరిల తీస్కోనోళ్లది తప్పే గద" అని ఒకడు అరిచాడు. కాదని చెప్పాము. ఆ జట్టు మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ గెలిచే వచ్చింది. ఒక పనికి సరిపోనివాడు ఇంకొక పనికి అందరికంటె ముందుండవచ్చు. అదే ఓవల్‌లో 1971 ఆగస్టు 24న భారత్ ఇంగ్లాండు గడ్డ మీద మొదటి టెస్టు గెలిచినప్పుడు, గెలుపు పరుగులు కొట్టినవాడు హైదరాబాదీ ఆబిద్ అలీ. కొత్త బంతి వేసేదీ ఆయనే, బ్యాటింగూ ఫీల్డింగూ చేసేదీ ఆయనే. ఆ పర్యటనలో హైదరాబాదు ఫాస్ట్ బౌలర్ గోవిందరాజ్ కూడా ఉన్నాడు. అంతకుముందు వెస్టిండీస్‌కూ వెళ్లాడు. కాని ఆ జట్టు బలమంతా బేడీ, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌ల స్పిన్ మీద ఉన్నది. గోవిందరాజ్‌కు ఒక్క టెస్టూ రాలేదు. సిరాజ్‌లాగా అందరికీ ఓవల్ రాదు, పిల్లలూ.

క్రిస్మస్ సెలవుల్లో మళ్లీ ఎంపిక వచ్చింది. అమెరికాలో ఉన్న మా సంఘబిడ్డ ఒకరు ఫోనులో అక్కడి బేస్‌బాల్ సంగతి చెప్పారు. ఆటను ఆరంభించే పిచర్లు ఐదుగురిని వంతులవారీగా దింపుతారట, ఒక వంతు అయినవానికి నాలుగైదు రోజుల విశ్రాంతి. ఆ స్థానాల కోసం ప్రతి వసంతకాలం ఫ్లోరిడా, అరిజోనాలలో వారాల తరబడి పరీక్షిస్తారు. మాకు వారాలు లేవు కాబట్టి మూడు ఉదయాలు పెట్టుకున్నాము. కొలత ఏమిటో ముందే అందరికీ చెప్పాము. మైదానం నాలుగు చుట్లు పరుగెత్తించాక బంతి ఇచ్చాము. అనుకున్న చోట ఎన్ని పడ్డాయి, వైడ్లు ఎన్ని, ఆఖరి ఓవర్ ఎలా ఉన్నదీ నోటుబుక్కులో వ్రాసుకున్నాము.

ఆ పిల్లవాడు ఈసారి కూడా నాలుగవవాడే అయ్యాడు. పొడగరికి మూడవ స్థానం వచ్చింది. ఆ ఏడాదంతా అతడు కష్టపడ్డాడు. పేర్లు చదవకముందే ఆ పిల్లవానిని పక్కకు పిలిచి నోటుబుక్కు వాని చేతికే ఇచ్చాము. "మొదటి రెండు ఓవర్లు నీవే అందరికంటె మేలు. అలసిపోయాక చెయ్యి కిందికి దిగుతున్నది, చూడు" అన్నాము. వాడు చాలాసేపు ఆ పేజీ చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరువాత, "గిట్ల చెప్తె సమజైతది అయ్యగారూ" అని నోటుబుక్కు తిరిగి ఇచ్చాడు. ఆదివారం వాళ్లమ్మ పక్కనే కూర్చొని ఉన్నాడు. ఇప్పుడు పొద్దున్నే మా మందిరం వెనుక గోడకు బంతి వేసే చప్పుడు వినబడుతుంటుంది.

తల్లిదండ్రులారా, పెద్దలారా, ఏదో ఒక రోజు మీరూ ఎంచవలసి వస్తుంది. ఇంట్లో ఎవరిని కాలేజీకి పంపాలి, ఎవరికి పొలం పని అప్పగించాలి అనే మాట వస్తుంది. అందరినీ తీసుకోలేము. కాని తీసుకోనివాని దగ్గరకు మన కాళ్లతో మనమే నడిచి వెళ్లి, కారణం వాని ముఖం చూసి చెప్పగలము. ఆ కారణం చెప్పడానికి మనకే సిగ్గు వేస్తే, మన ఎంపికలో తప్పున్నట్లే.