మూన తిరిగేదాకా

సావనీర్‌కి ఏదైనా రాయమని ఎడిటర్ మిత్రుడు వారం రోజులుగా వెంటపడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. కథ రాద్దామంటే, పేర్లు మార్చినా మన కాలేజీలో ఎవరు ఎవరో ఇట్టే పోల్చేస్తారు. అందుకని మా బోటనీ డిపార్ట్‌మెంట్ వరండాలోని అక్వేరియం గురించి రాస్తున్నాను. దానికి నేనొక బాకీ కూడా ఉన్నాను.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండితే 190 లీటర్లు పడుతుంది. 2023 వేసవి సెలవులకి అందరూ ఊళ్ళకి వెళ్తుంటే, ప్రాజెక్టు పని మీద హాస్టల్లో ఉండిపోయిన నాకు మేడమ్ దాని బాధ్యత అప్పగించారు. అందులోని వాలిస్నేరియా ఆవిడ స్వయంగా చెరువు నుంచి తెచ్చి పెంచుకుంటున్నది. ఆ వారమే పాత ఫిల్టర్ పాడై కొత్తది వచ్చింది. గంటకి 1,500 లీటర్లు తోడి పోస్తుందట! అంటే తొట్టిలో నీళ్ళన్నీ గంటకి దాదాపు ఎనిమిదిసార్లు తిరుగుతాయన్నమాట. స్విచ్ వేసిన మర్నాడు వెళ్ళి చూద్దును గదా, మొక్కలన్నీ వేళ్ళతో సహా పైకి తేలి, పెళ్ళయిపోయిన పందిట్లో మామిడాకుల్లా ఒక మూలకి చేరి ఉన్నాయి.

మళ్ళీ నాటాను. మళ్ళీ తేలాయి. ఈసారి బలంగా లోపలికి గుచ్చాను. తేలలేదు గాని, ఆకులు పుట్టే మొదలు ఇసకలో కూరుకుపోయి నాలుగు మొక్కలు కుళ్ళిపోయాయి. రైజోమ్‌ని పాతకూడదని తెలిసి తెలిసీ జావా ఫెర్న్‌కీ అదే గతి పట్టించాను. పడమటి కనుమల సెలయేళ్ళలో, మట్టన్నది లేని బండలకి అతుక్కుని వరద వేగాన్ని తట్టుకునే పొడోస్టెమేసీ మొక్కల గురించి రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను!

అప్పుడొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. రాత్రిపూట ఫిల్టర్ ఆపేస్తే సరి. మొక్కలు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి గదా అనుకున్నాను. నిజంగానే పీల్చుకున్నాయి. గరాటు కింద హైడ్రిల్లా పెట్టి ఆక్సిజన్ బుడగలు లెక్కపెట్టినవాళ్ళమే అందరం. చీకటి పడితే ఆ మొక్కే ఆక్సిజన్ తీసుకుంటుందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. వేడి నీళ్ళలో అది అసలే తక్కువ కరుగుతుంది. పైనీరు కదలకపోతే గాలి నుంచి కలిసేదీ అంతంతమాత్రమే. నాలుగో రోజు ఉదయానికి ఐదు గోల్డ్‌ఫిష్‌లలో రెండు వెల్లకిలా తేలాయి. మిగతా మూడూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ల్యాబ్ అటెండర్ వచ్చేసరికి నేను ఆ తొట్టి ముందే నిలబడి ఉన్నాను. మేమంతా ఆయన్ని బాబాయ్ అంటాం. చేపల్ని చూశాడు, ఆపి ఉన్న స్విచ్చి చూశాడు. ముందు స్విచ్ వేశాడు.

"ఏం బాబూ, మీకు యవసాయం లేదా?"

"లేదు బాబాయ్. నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం."

"అదీ సంగతి. నారు నాటిన రోజే మడి నిండా నీళ్ళు పెడితే ఏమవుద్ది? తేలిపోద్ది. అలాగని ఎండగడతామా? మూన తిరిగేదాకా పల్చగా పెడతాం. లోతుగా నాటినా అంతే, పిలక తొడగదు."

మూన తిరగడమంటే నాటిన నారు కొత్త వేళ్ళు తొడిగి తేరుకోవడం. బ్యాంకు వారి అబ్బాయిల కోసం చెబుతున్నాను.

ఆ రోజంతా ఇద్దరం అదే పని. అంగుళం మందాన ఉన్న ఇసకని మూడంగుళాలు చేశాం. ఫిల్టర్ వాల్వ్ సగానికి తిప్పి, నీరు చిమ్మే గొట్టాన్ని పైకి తిప్పాం. దాంతో పైన అలలు లేచాయి, కింద మొక్కల మీద తాకిడి తగ్గింది. పొడుగాటి వేళ్ళని రెండంగుళాలకి కత్తిరించి, బాబాయ్ ఒక్కో మొక్కనీ ఏటవాలుగా కాస్త లోతుకి గుచ్చి, మొదలు బయటపడేదాకా మెల్లిగా పైకి లాగేవాడు. అలా లాగడంలో వేళ్ళు ఇసకలో సర్దుకుంటాయి. ఫెర్న్ సంగతి మాత్రం నేను చెప్పాను. పూలు కట్టే నూలు దారంతో దాన్ని నల్లరాయికి కట్టాం. దారం కుళ్ళేలోపు వేళ్ళే రాయిని పట్టుకుంటాయి.

ఇరవై రోజులకి వాలిస్నేరియా పక్కకి కొత్త తీగ వేసింది. ఆకు పట్టుకుని కాస్త లాగి చూస్తే రాలేదు. అప్పటి నుంచి వాల్వ్‌ని రోజుకి కొంచెం చొప్పున తెరిచాను. పూర్తిగా తెరిచినప్పుడు ఆకులన్నీ ఒకే వైపుకి ఒరిగిపోయాయి. మర్నాడు ఉదయం భయంభయంగా వెళ్ళి చూశాను. ఒక్కటీ తేలలేదు.

జూన్‌లో మేడమ్ వచ్చి మొక్కల్ని చూసి మెచ్చుకున్నారు. "మరి చేపలు మూడే ఉన్నాయేం?" అన్నారు. "ఎండలు మేడమ్," అన్నాను. బాబాయ్ పక్కనే నేల తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. ఎండ తీవ్రత వల్ల రెండు చేపలు పోయాయని మేడమ్ రిజిస్టర్‌లో రాసుకున్నారు.

2023 జూన్ పేజీ, మేడమ్. పైనుంచి మూడో లైను. ఫిల్టర్ ఆపింది నేనే.