తిన్న తరువాతి స్తోత్రం



భోజనానికి ముందు ప్రార్థన మన ఇళ్లలో అందరికీ అలవాటే. పళ్లెంలో అన్నం పడగానే చిన్నపిల్లలు కూడా చేతులు జోడిస్తారు. అయితే ద్వితీయోపదేశకాండము 8:10 ఒకసారి తీసి చూడండి. అక్కడి క్రమం వేరు. ముందు తినాలి, కడుపు నిండాలి, ఆ తరువాత మంచి దేశాన్ని ఇచ్చిన దేవుణ్ణి స్తుతించాలి. యూదులు ఈ మాటను ఉన్నదున్నట్టు పాటిస్తారు. రొట్టె విరిచే ముందు చెప్పేది ఒక్క వాక్యం. తిన్న తరువాత చేసేది మాత్రం పెద్ద ప్రార్థన.

వారి దినమంతా ఇలాంటి స్తుతులతోనే నడుస్తుంది. కళ్లు తెరవగానే, పక్క మీద ఉండగానే, ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు వందనం. కాలకృత్యాలు తీర్చుకుని చేతులు కడుక్కున్నాక, శరీరంలోని ద్వారాలు సరిగా పనిచేస్తున్నందుకు ఒక స్తుతి. డయాలసిస్ కోసం వారం వారం బస్సెక్కే వారి ఇంట్లో ఈ ప్రార్థన ఎవరికీ నవ్వు తెప్పించదు. ఉరుము వింటే ఒకటి, మెరుపు చూస్తే ఒకటి. ఆ ఏటి కొత్త పండు నోట పెట్టేముందు, ఈ రోజు వరకు బ్రతికించినందుకు ఇంకొకటి. మన గుట్టల్లో కార్తె మారి మొదటి సీతాఫలం చేతికి వచ్చిన రోజును తలచుకోండి.

రోజుకు నూరు స్తుతులు చెప్పాలని రబ్బీ మేయీరు అన్నట్టు తల్మూదులో ఉంది. నూరంటే మనకు భయమేస్తుంది. లెక్క చూస్తే అంత కష్టం కాదు. మామూలు దినాల్లో మూడు పూటలా నిలబడి చేసే ప్రార్థనలో 19 చొప్పున 57 అక్కడే అవుతాయి. మిగతావి తినడంలో, తాగడంలో, లేవడంలో, పడుకోవడంలో పూర్తవుతాయి. ఇది ఎక్కడో దూరదేశపు సంగతి మాత్రమే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అనే తెలుగు కుటుంబాలు యూదుల ఆచారాలు పాటిస్తూ, సమాజమందిరం కట్టుకుని, విశ్రాంతిదినం ఆచరిస్తున్నాయి. వారిలో చాలామంది మనలాగే కూలినాలి చేసుకునేవారు.

మరి దేవుడు తిన్న తరువాత అని ఎందుకు చెప్పాడు? అదే అధ్యాయంలో కిందికి చదివితే తెలుస్తుంది. మంచి ఇళ్లు కట్టుకుని, పశువులు పెరిగి, వెండి బంగారాలు కూడినప్పుడు మనసు గర్వించి, ఇదంతా నా చేతి బలమే అంటుందని మోషే హెచ్చరించాడు. ఆకలిగా ఉన్నవాడికి దేవుణ్ణి గుర్తు చేయనక్కరలేదు. మరచిపోయేది కడుపు నిండినవాడే.

ఈ మాట మన ఊరికి బాగా తగులుతుంది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వారి సొంత చేలు మాత్రం ఎండాయి. బోరు వేసి అప్పులపాలైన ఇళ్లు, ముసలివాళ్లకు పిల్లలను అప్పగించి ముంబై బస్సెక్కిన తల్లిదండ్రులు మనకు కొత్త కాదు. తరువాత కల్వకుర్తి ఎత్తిపోతలతో శ్రీశైలం వెనుక జలాలు మన కాలువలోకి వచ్చాయి. పల్లీలు వేసిన చోట వరి నిలబడింది. వానకోసం మోకాళ్లూనడం అందరికీ తెలుసు. కల్లంలో వడ్లు కుప్ప పోసిన రాత్రి మోకాళ్లూనడం నేర్చుకోవాలి.

ఈ వచనంలో ఇంకొక సంగతి కూడా ఉంది. ఆకలితో ఉన్నవారి దగ్గర స్తోత్రం వసూలు చేసే అధికారం అది ఎవరికీ ఇవ్వదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి గృహకూడికలో, "ఏమని స్తోత్రం చెప్పాలి అయ్యగారూ?" అని అడిగింది. ఆమెతో, చెప్పి తీరాలమ్మా అని మేము అనలేదు. యూదులు మరణవార్త విన్నప్పుడు కూడా దేవుణ్ణి స్తుతిస్తారు. సత్యమైన న్యాయాధిపతి అని ఆయనను పిలుస్తారు. జరిగింది మంచిదని మాత్రం అనరు. సమాధి చేసి వచ్చాక దుఃఖంలో ఉన్నవారు మొదటి భోజనం తమ సొంతది తినకూడదు, ఇరుగుపొరుగువారే తెచ్చి పెట్టాలి. మన పల్లెల్లోనూ చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, బంధువులు అన్నం తెస్తారు. ఆ రోజు స్తోత్రం ఆ తల్లి నోటితో రానక్కరలేదు. మనం మోసుకెళ్లిన గిన్నెలో అది ఉంటే చాలు.

ముగ్గురు కలిసి తింటే, ఒకరు మిగతావారిని పిలిచి అందరూ కలిసి స్తుతించాలని కూడా యూదుల నియమం. ఈ వారం మన ఇళ్లలో దీనినే చేద్దాం. తిన్న వెంటనే లేవకుండా, చెయ్యి కడిగే ముందు ఒక్క నిమిషం కూర్చుందాం. నీళ్లు పెట్టిన రైతును, నాటు వేసిన అక్కచెల్లెళ్లను, వండిన అమ్మను పేరుపేరునా తలచుకుని దేవునికి వందనాలు చెబుదాం. ఆ తరువాత, మన వీధిలో ఇంకా తిననివారు ఎవరైనా ఉన్నారా అని అడుగుదాం. ఉంటే, మన స్తోత్రం ఇంకా పూర్తి కాలేదు.

ప్రభువు మీ పళ్లాలను, మీ పొరుగువారి పళ్లాలను దీవించును గాక. ఆమేన్.