ఆపడం వచ్చాకే నడపడం

మా వైపు ఇళ్ళల్లో బండి నేర్పడం పది నిమిషాల వ్యవహారం. నేర్చుకునేవాళ్ళు ముందు, నేర్పేవాళ్ళు వెనక. "క్లచ్ పట్టు, గేరెయ్, క్లచ్ వదులు, రైజ్ చెయ్" అని నాలుగు మాటలు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. వెనక నుంచి కేక. రెండోసారి ఎగిరి ముందుకి దూకేస్తుంది. ఈసారి ఇంకా పెద్ద కేక. ధైర్యం ఉన్నవాళ్ళు ఈ కేకల మధ్యే నేర్చేసుకుంటారు. కాస్త భయస్తులు దిగిపోయి, "నాకు రాదులెండి" అని తాళం ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళూ ఉన్నారు గానీ పైకి చెప్పుకోరు.

వాళ్ళ తరఫున నాలుగు మాటలు చెప్పాలని ఎప్పట్నించో నా మనసులో ఉంది. నేనూ చాలా ఏళ్ళు వాళ్ళలోనే ఉన్నాను. నలభై దాటాక కాలవ అవతలి పల్లెటూరి బడికి బదిలీ అయింది. పొద్దున బస్సు బడిగంటకి అందదు, ఆటో నిండితే గానీ కదలదు. మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక వాడి పాత స్ప్లెండర్ వసారాలో ఊరికే పడి ఉంది. గేర్లు లేని స్కూటీ కొనుక్కోవచ్చు కదా అన్నారందరూ. కొనుక్కోవచ్చు. కానీ ఇంట్లో బండి ఉంచుకుని ఇంకో బండికి అప్పు చేయడం నాకిష్టం లేకపోయింది. అదీగాక, గేర్ల బండంటే మగవాళ్ళ బండి అన్న మాట చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను. ఇక వినాలనిపించలేదు.

ఆ మాట ఉత్తినే పుట్టింది కాదు. వెనక చక్రానికి ఎడమ పక్కన ఉండే శారీ గార్డు చూడండి. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పేలా రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మంచి నిబంధన. అది ఉండబట్టే నాలాంటివాళ్ళు ఇన్నేళ్ళు నిశ్చింతగా వెనక కూర్చుని తిరిగాం. కానీ చీర కట్టుకున్న మనిషి చోటు వెనక సీటే అన్న ఊహ కూడా ఆ ఇనప చట్రంలో ఉంది. ముందు సీటు కోసం నేను సల్వార్ కమీజ్ వేసుకుని, చున్నీ నడుముకి బిగించి ముడేసుకున్నాను.

నాకు నేర్పింది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. మొదటి సాయంత్రం తాళం ఆయన జేబులోంచి బయటికి రాలేదు. హైస్కూలు గ్రౌండులో బండిని తోసుకుంటూ రమ్మన్నాడు. ఎడమ పక్కన నిలబడి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, తుంటి ట్యాంకుకి ఆనించి తోయాలి. స్ప్లెండర్ 112 కిలోల బండి. నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు ఎక్కడుందో కూడా తెలీదు. ఓ జానెడు పక్కకి ఒరిగితే మొత్తం వచ్చి చేతుల మీద పడుతుంది. ఈ రెండింటికీ మధ్య, బరువు అప్పుడప్పుడే తెలియడం మొదలయ్యే చోటు ఒకటుంది. అది ఒంటికి పట్టుబడేదాకా గ్రౌండు చుట్టూ తోయించాడు. తర్వాత సెంట్రల్ స్టాండ్. చేతుల్తో ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. స్టాండ్ రెండు కాళ్ళూ నేలకి సమంగా ఆనాయో లేదో పాదంతో చూసుకుని, ఒంటి బరువంతా ఆ కాలి మీద వేస్తే బండి తనంతట తనే వెనక్కి ఎక్కి నిలబడుతుంది. అందులో బలం కన్నా బరువు ఎటు వేయాలో తెలియడమే ముఖ్యం.

పడిపోతామన్న భయాన్ని పిరికితనం అనేస్తారు మనవాళ్ళు. నేను ఒప్పుకోను. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ పెట్రోలు ఇంజన్ పెట్టి తయారు చేసిన మొదటి మోటారు సైకిలుకి రెండు పక్కలా చిన్న ఆసరా చక్రాలు బిగించారు. పడకుండా ఏం చేయాలన్న ఆలోచన ఆ బండిని కనిపెట్టినవాళ్ళకే ముందు వచ్చింది.

రెండో పాఠం బ్రేకు. అప్పటికీ ఇంజన్ స్టార్టు చేయలేదు. న్యూట్రల్లో పెట్టి నన్ను కూర్చోబెట్టి వెనక నుంచి మావయ్యా, స్కూలు వాచ్‌మన్ కొడుకూ తోసేవాళ్ళు. కబడ్డీ కోర్టు సున్నపు గీత దగ్గర ముందు చక్రం ఆగాలి. ముందు బ్రేకు ముట్టుకోవద్దనీ, ముట్టుకుంటే పల్టీ కొడతావనీ అప్పటికే నాకు చాలామంది చెప్పి ఉన్నారు. ఆ మాటంటే మావయ్యకి ఒళ్ళు మంట. బండి ఆగేటప్పుడు బరువు ముందుకి వస్తుంది, ముందు టైరు నేలని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన ఆ వెనక చక్రాన్ని ఒక్కదాన్నే తొక్కిపెడితే అది జారుతుంది, బండి ఆగాల్సిన చోటు దాటి పోతుంది. ముందు బ్రేకుని గుప్పెటతో ఒక్కసారిగా లాగేస్తే ప్రమాదం. ఇసకలో, మలుపులో, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మరీ ప్రమాదం. అదే రెండు వేళ్ళతో మెత్తగా మొదలుపెట్టి బిగిస్తూ పోయి, కాలితో వెనక బ్రేకు కూడా జతచేస్తే బండి చెప్పిన చోట ఆగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బళ్ళల్లో 125 సీసీ దాటినవాటికి, బ్రేకేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఆ లోపువాటికి కనీసం ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పట్టు అందే సీబీఎస్ ఉండాలన్నారు. ముందు చక్రం బ్రేకు అంత అవసరమని చట్టమే చెబుతోంది. ఇళ్ళల్లో మనం పిల్లలకి ఇంకా ముట్టుకోవద్దనే నేర్పుతున్నాం. ఈ ఒక్క తప్పుడు సలహా మానేస్తే చాలామందికి మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ఇక క్లచ్. నా అసలు భయమంతా అక్కడే ఉండేది. ఎడం చేతి కింద ఉన్న ఆ మీట వదిలితే లోపల ఏం జరుగుతుందో కనపడదు, బండి మాత్రం ఎగురుతుంది. మావయ్య ఓ రోజు నన్ను తెలిసిన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాడు. మూలన రేకు డబ్బాలో తీసి పడేసిన పాత క్లచ్ ప్లేట్లున్నాయి. రెండు రకాలు ఏరి నా చేతిలో పెట్టాడు. ఒకటి నున్నటి ఉక్కు రింగు. రెండోది అంచుకి పళ్ళున్న రింగు, దాని చుట్టూ పల్చటి చిన్న చిన్న ముక్కలు వరసగా అతికించి ఉన్నాయి. కొత్తదైతే ఆ ముక్కలు గోధుమ రంగులో ఉంటాయట. నా చేతిలోది నల్లగా కాలిపోయి, మాడిన నూనె వాసనేస్తోంది. బొటనవేలితో రుద్దితే మసి అంటుకుంది.

"ఈ ముక్కలు అతికించింది ఇంజన్‌తో తిరుగుతుంది, ఈ నున్నటిది చక్రంతో తిరుగుతుంది. ఇలాంటివి ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. నువ్వు క్లచ్ పడితే విడిపోతాయి, వదిలితే స్ప్రింగులు మళ్ళీ దగ్గరికి నొక్కుతాయి. టక్కున వదిలేశావనుకో, తిరిగేదీ ఆగి ఉన్నదీ ఒక్కసారే అంటుకోవాలి. అప్పుడు ఇంజనైనా ఆగిపోవాలి, బండైనా ఎగరాలి. రాసుకుంటూ రాసుకుంటూ కలవనీ. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు" అన్నాడు.

ఆ రెండు రింగుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చాలాసేపు తిప్పి చూశాను. అంతవరకూ నాకు బండి ఎందుకు ఎగురుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే, భయపడకు అన్నారు. కారణం చేతిలోకి వచ్చాక భయపడకు అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు ఇంజన్ స్టార్టు చేయించాడు. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నాడు. ఫస్ట్ గేర్. ఈ స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకి తొక్కడమే. చాలా బళ్ళల్లో ఒకటి కిందకి, మిగతావి పైకి ఉంటాయి. గేరు వేశాక ఎడం చేతి వేళ్ళు వెంట్రుకవాసి వదులుతూ పోవాలి. ఓ చోట ఇంజన్ శబ్దం కాస్త దిగుతుంది, సీటు కింద బండి కదలబోతున్నట్టు తెలుస్తుంది. అక్కడ వేళ్ళు ఆపేస్తే, ఇంజన్ తన మామూలు తిరుగుడుతోనే బండిని మనిషి నడకంత మెల్లగా లాక్కుపోతుంది. కాళ్ళు రెండూ నేలకి రాసుకుంటూ నేనూ దాంతో నడిచాను. మళ్ళీ క్లచ్ పట్టడం, ఆపడం. మళ్ళీ వదలడం, నడవడం. సాయంత్రం దీపాలు పెట్టేదాకా అదే పని.

"అమ్మలూ, ఆగిపోతే ఆగిపోనీ. ఆగిపోయిన బండి ఎవర్నీ ఏమీ చెయ్యదు. భయమేసినప్పుడల్లా ఎడం గుప్పెట మూసెయ్" అనేవాడు మావయ్య. ఎంత మంచి మాటో తర్వాత తెలిసింది. కొత్తవాళ్ళు కంగారు పడితే ఏది దొరికితే దాన్ని గట్టిగా పట్టుకుంటారు. బండి ముందుకి దూకేసరికి ఒళ్ళు వెనక్కి తూలుతుంది, కుడి మణికట్టు కిందకి దిగుతుంది, యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. గోడల్ని గుద్దేది ఇందుకే. కుడి మణికట్టు మొదట్నించీ కిందకే వాల్చి పట్టుకుంటే ఇంకా తిరగడానికి చోటుండదు. ఎడం గుప్పెట మూసేస్తే ఇంజన్ ఎంత అరిచినా ఆ జోరు చక్రానికి అందదు. భయం వచ్చినప్పుడు చేతికి చేయడానికి ఒక సరైన పని ఉండాలి. అది ముందే అలవాటై ఉండాలి.

చూపు సంగతి నాకు చెప్పింది మావయ్య కాదు. గ్రౌండులో క్రికెట్ ఆడుకునే మా ఊరి పదో తరగతి పిల్లాడు బంతి కోసం వచ్చి, కాసేపు చూసి, "టీచర్ గారండీ, చక్రం వంక చూడకండి, దూరం చూడండి" అన్నాడు. అంతే, వంకర్లు పోయే బండి తిన్నగా నడిచింది. తల ఎటు తిరిగితే భుజాలు అటు తిరుగుతాయి, చేతులూ అటే లాగుతాయి. గోదావరి జిల్లాల్లో ఇది ప్రాణం మీది విషయం. కడియం వైపు కాలవగట్టు రోడ్డు మీద చాలా చోట్ల నీళ్ళకీ తారుకీ మధ్య రెండు మూడు అడుగుల గడ్డే అడ్డం. కాలవలో పడతానేమో అని కాలవనే చూస్తూ నడిపితే బండి అటే పోతుంది. ఎదురుగా లారీ వస్తున్నా, లారీ పక్కన ఖాళీగా ఉన్న దారినే చూడాలి. కోతల రోజుల్లో ఇంకో చిక్కు. ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం గింజల మీద టైరుకి పట్టుండదు. అక్కడ ముందు బ్రేకు వాడకూడదు. ముందుగానే వేగం తగ్గించి, హ్యాండిల్ తిన్నగా ఉంచి, మెల్లగా దాటిపోవాలి.

లైసెన్సుకి పెద్దగా కష్టపడలేదు. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకి వెళ్ళొచ్చు. అక్కడ కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేయాలి. తడబడేది ఎక్కువగా జోరుగా వచ్చినవాళ్ళే. ఎనిమిది అంటే హాఫ్ క్లచ్, కాస్త వెనక బ్రేకు, మలుపు చివరికి చూపు. గ్రౌండులో నేను నేర్చుకున్నదంతా అదే.

హెల్మెట్ మాత్రం మావయ్య బండి తోయించిన రోజే నా తలకి పెట్టించాడు. అప్పుడు అనవసరం అనిపించింది గానీ, దాని వెనక ఎంత కథ ఉందో తర్వాత తెలిసింది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో మోటారు సైకిలు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనకి వైద్యం చేసినవాళ్ళలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ విషయం వదిలిపెట్టలేదు. మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళ తల గాయాల మీద పరిశోధన చేసి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. ఇన్నేళ్ళు గడిచాయి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. ఈ అంకెలు చూసి బండి ఎక్కొద్దని నేను చెప్పను. పల్లెల్లో బస్సు లేని ఉద్యోగాలు, చదువులు ఆ రెండు చక్రాల మీదే నడుస్తున్నాయి. నేనూ ఇప్పుడు పొద్దున్నే ఆ కాలవగట్టు మీదే వెళ్తాను. నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పెడుతుంటారు, తడిమట్టి వాసన హెల్మెట్ లోపలికి వస్తుంది. ఆటో నిండుతుందా లేదా అన్న బెంగ లేకుండా బడికి చేరడం ఎంత సుఖమో, చేరినవాళ్ళకే తెలుస్తుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చిన మేనకోడలో, పెళ్ళయి పిల్లలున్న చెల్లెలో, యాభై దాటిన అమ్మో బండి నేర్పమంటే వెనకెక్కి కూర్చోకండి. ముందు హెల్మెట్ ఇవ్వండి. ఆ రోజుకి ఇంజన్ స్టార్టు చేయకుండా బండిని తోసుకోనివ్వండి. రెండు బ్రేకులూ చూపించి, గీత గీసి దాని దగ్గర ఆపించండి. క్లచ్ లోపల ఏం జరుగుతుందో చెప్పండి. గొంతు పెంచకండి. మీకంత తీరిక లేకపోతే, తీరికా ఓపికా ఉన్నవాళ్ళకి ఆ పని అప్పజెప్పండి.